గోదావరీ మండలమున పఠనశిక్షణము - తల్లిదండ్రుల పాలు

బడికి పోవుట వేరు, చదువ నేర్చుట వేరు. ఐదేండ్లు బడిలో కూర్చుండియు నాలుగు పంక్తుల కథను తడబడక చదివి, దాని భావమును తన మాటలతో చెప్పలేని బాలుడు ప్రతి గ్రామమునను కానవచ్చును. ఇట్టి బాలునకు మరల చదువు నేర్పు ప్రయత్నమును నేటి విద్యావేత్తలు సహాయబోధన మనుచున్నారు. ఇది క్రొత్త భావమనియు, పరదేశములనుండి మనకు వచ్చినదనియు పలువురు తలంచుచున్నారు. పేరు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. వెనుకబడిన పిల్లవానిని ముందునకు తెచ్చుట యెట్లు, అందు తల్లిదండ్రుల పాలెంత అను ప్రశ్నలు గోదావరీ మండలమున రెండు వందల యేండ్లుగా ఏదో యొక రూపమున వినబడుచునే యున్నవి. ఆ ప్రశ్నలకు ఆయా కాలములవారు చెప్పిన సమాధానములను వరుసగా పరిశీలించి, అందుండి నేటి పాఠశాలకు పనికివచ్చు నీతిని తీయుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఒక్క మాట ముందుగా చెప్పవలసి యున్నది. ఈ వ్యాసమున గోదావరీ మండలమనగా నొకే యెల్లలు గల ప్రదేశము కాదు. 1859 వరకు ఉండిన రాజమహేంద్రవరము జిల్లా వేరు, అటుపిమ్మటి గోదావరి జిల్లా వేరు, 1925 న ఏర్పడిన తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలు వేరు. 2022 న ఈ జిల్లాలు మరల విభజింపబడినవి. కావున ఒక కాలపు లెక్కలను మరియొక కాలపు లెక్కలతో సరిపోల్చునప్పుడు జాగరూకత అవసరము.

1. 1823 నాటి లెక్కలు

1822 న చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలలను గూర్చి వివరములు పంపుడని జిల్లా కలెక్టరుల నాదేశించెను. రాజమహేంద్రవరము కలెక్టరు 1823 న తన నివేదికను పంపెను. అందలి లెక్కల ప్రకారము జిల్లా జనసంఖ్య 7,38,308, పాఠశాలలు 291, వానిలో చదువువారు 2,658 మంది. వీరిలో బాలికలు 37 గురు మాత్రమే. వేదశాస్త్రములు చెప్పు ఉన్నత విద్యాస్థానములు ఇందు చేరలేదు. అవి ప్రత్యేకముగా లెక్కింపబడినవి.

ఈ సంఖ్యలు రెండు విషయములను తెలుపుచున్నవి. మొదటిది, జనసంఖ్యలో సుమారు 278 మందికి ఒక్కరు మాత్రమే బడిలో నుండిరి. రాజధాని మొత్తముమీద మన్రో లెక్కించినది 67 మందికి ఒకరు. అనగా డెల్టా ప్రాంతము ఆనాడు చదువున వెనుకబడి యున్నట్లు కనబడును. రెండవది, ఒక్కొక్క పాఠశాలలో సగటున తొమ్మిది మంది పిల్లలే యుండిరి. తొమ్మిది మంది పిల్లలుగల అయ్యవారికి ఏ పిల్లవాడు ఏ గుణింతమువద్ద ఆగిపోయెనో తెలియకుండుట అసంభవము. నేడు సహాయబోధనకు మొదటి మెట్టుగా చెప్పబడు విద్యార్థి స్థాయి నిర్ణయము ఆ చిన్న బడిలో ప్రత్యేక పరీక్ష యక్కరలేకయే జరిగిపోయెడిది.

మొదటి లెక్కను గూర్చి మన్రో తానే యొక హెచ్చరిక చేసెను. ఇండ్లలో తండ్రులవద్దను బంధువులవద్దను చదువుకొనువారు ఈ పట్టికలలో చేరలేదనియు, వారినిగూడ చేర్చినచో విద్యావంతుల సంఖ్య మిక్కిలి పెరుగుననియు ఆయన 1826 న వ్రాసెను. చెన్నపట్టణమున బడులలో చదువువారికంటె ఇండ్లలో చదువువారు అనేక రెట్లుగా లెక్కకు వచ్చిరి. ఇది మన విషయమునకు ముఖ్యము. ఇల్లు ఆనాడు బడికి సహాయము చేయు స్థలము మాత్రమే కాదు; అదియే యొక బడి. అయితే ఆ భాగ్యము చదువు వచ్చిన తండ్రిగల పిల్లవానికే దక్కెను. తండ్రికి అక్షరము రాని యింట పిల్లవానికి వీథిబడియే గతి. అదియు లేనిచోట ఏ గతియు లేదు.

2. వీథిబడి గుణదోషములు

వీథియరుగుపై సాగిన ఆ బడి పద్ధతి మన పెద్దలకు సుపరిచితమే. ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుట, పిమ్మట గుణింతములు, ఒత్తులు, ఎక్కములు, ఆపైన తాటియాకులపై వ్రాత, అటుపిమ్మట శతకములు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుచుండిరి. రాజమహేంద్రవరము కలెక్టరు తన నివేదికతో బడులలో వాడుకలోనున్న 43 పుస్తకముల పట్టిక నొకటి జతపరచెను. సుమతీ శతకము, దాశరథీ శతకము, భాస్కర శతకము, రుక్మిణీ కల్యాణము, మొల్ల రామాయణము, గజేంద్రమోక్షము, కుచేలోపాఖ్యానము, పావులూరి గణితము, అమరము, ఆంధ్రనామసంగ్రహము మొదలగునవి యందు గలవు. వసుచరిత్రము, మనుచరిత్రము కూడ ఆ పట్టికలో చేరుట గమనింపదగినది.

ఈ పట్టికను చూచి గర్వించుట సహజము. కాని వసుచరిత్రమును వల్లించు బాలునకు అందు ఎంత యర్థమయ్యెడిది? అదే సంవత్సరమున బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తన జిల్లా బడులను గూర్చి వ్రాసిన నివేదిక ఈ ప్రశ్నకు సమాధాన మిచ్చుచున్నది. క్యాంబెల్ తెలుగు తెలియని దొర కాడు. 1816 న తెలుగు వ్యాకరణమును, 1821 న నిఘంటువును ప్రకటించిన పండితుడు. బడిలో చదువబడు కావ్యభాష జనులు మాటలాడు భాషకంటె భిన్నమనియు, బాలుడు అక్షరములను ఉచ్చరించు శక్తి నార్జించుచున్నను భావమును గ్రహింపలేకున్నాడనియు ఆయన నిస్సంకోచముగా చెప్పెను. ఆయనయే ఆ బడులలోని మితవ్యయమును, పెద్ద పిల్లలచే చిన్నవారికి చెప్పించు ఏర్పాటును మెచ్చుకొనెను. పేద కుటుంబములు పిల్లల శ్రమపై ఆధారపడుటచే వారిని బడినుండి త్వరగా మాన్పించుచున్నవని బాధపడెను. బళ్లారిని గూర్చిన యీ మాటలు, పుస్తకముల పట్టికనుబట్టి చూడగా, గోదావరీ తీరమునకును చాలవరకు వర్తించునని చెప్పవచ్చును.

ఇందుండి తేలునది ఏమన, మన దేశీయ పద్ధతిలో పఠనమునకు రెండు భాగము లున్నవి: అక్షరములను గుర్తించి పలుకుట ఒకటి, పలికినదానిని గ్రహించుట రెండవది. మొదటి భాగమున వీథిబడి గట్టిది. రెండవ భాగమును అది వయస్సునకు, పురాణశ్రవణమునకు, ఇంటిలోని పెద్దలకు వదలిపెట్టెను. కథను ఇంట విని యుండిన బాలునకు గజేంద్రమోక్షము కొంత తెలిసెడిది. విననివానికి అది ధ్వని మాత్రమే.

తల్లిదండ్రులకును బడికిని గల సంబంధము ఆనాడు ధనరూపముననే గాక ఆచారరూపమునను ఉండెను. దసరా దినములలో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి పోవుట, పిల్లలు విల్లంబులు పట్టుకొని పద్యములు చదువుట, గృహస్థులు అయ్యవారికి కానుకయు పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చుట గోదావరి గ్రామములలో చిరకాలము సాగిన యాచారము. దీనిని కేవలము వేడుకగా తలంపరాదు. ఏడాదికొకమారు బడియే యింటిముంగిటికి వచ్చి, పిల్లవాడు నేర్చినది వాని తల్లి యెదుట వినిపించెడిది. ఏ పిల్లవాని కంఠము తడబడెనో ఊరంతయు వినెడిది. విద్యాఫలమును తల్లిదండ్రులకు ప్రత్యక్షముగా చూపు పద్ధతి ఇంతకంటె సులభమైనది మరియొకటి లేదు.

3. శిస్తుతోడి చదువు

1847 న ఆరంభమై 1852 న ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టా జీవితమును మార్చివైచెను. కాలువలు వచ్చినవి, పంట పెరిగెను, పడవల వ్యాపారము హెచ్చెను. దానితోపాటు కాగితములును పెరిగినవి. పట్టా, రసీదు, శిస్తు లెక్క, నీటి లెక్క - ఇవి చదువలేని రైతు కరణము చెప్పిన మాటకు కట్టుబడి యుండవలసినదే. చదువు పుణ్యముకొరకును ఉద్యోగముకొరకును మాత్రమే గాక, తన పొలము తనకు దక్కుటకును అవసరమను స్పృహ రైతునకు ఈ కాలమున కలిగి యుండునని ఊహించుటకు తగిన కారణములు గలవు.

ఈ సందర్భముననే 1850 ప్రాంతముల రాజమహేంద్రవరము సబ్‌కలెక్టరుగా నుండిన జి. ఎన్. టెయిలరు నరసాపురమునను, పరిసర గ్రామములందును పాఠశాలలను స్థాపించెను. ఆ పిమ్మట ఆయన ప్రోత్సాహమున గ్రామస్థుల యంగీకారముపై భూమిశిస్తుతోపాటు కొంత సొమ్మును చదువుకొరకు వసూలు చేయు పద్ధతి ఏర్పడెను. ఈ సొమ్ముతో నడచిన బడులకే రేటు పాఠశాలలని పేరు. ప్రజలు తమంతట తాము చదువుకొరకు పన్ను చెల్లింప నంగీకరించుట ఆనాటి రాజధానిలో వింతగా తోచెను. చెన్నపురి విద్యాచరిత్రమున గోదావరి జిల్లాకు దీనివలన నొక ప్రత్యేక స్థానము కలిగెను. నరసాపురమున టెయిలరు పేర నొక ఉన్నత పాఠశాల గలదు.

కాని ఈ యంగీకారము యొక్క స్వభావమును విచారింపవలెను. రైతు తన శిస్తును, బడిపన్నును ఒకే చేతికి, ఒకే కచ్చేరీలో చెల్లించెను. సబ్‌కలెక్టరు దొర కోరినప్పుడు ఎందరు కాదనగలరు? గ్రామములోని పెద్దరైతులు ఒప్పుకొన్న మాట చిన్నరైతులకును కూలివారికిని సమ్మతమేనా? బడియున్న గ్రామమునకు లాభము సరే. పన్ను చెల్లించియు బడి దూరమైన పల్లెకు ఏమి లాభము? ఈ పన్నునకు చట్టబలము లేకపోవుటయు నొక చిక్కయ్యెను. 1863 సంవత్సరపు 6 వ చట్టము ఇట్టి పన్నులకు శాసనాధారము కల్పించెను. 1871 సంవత్సరపు 4 వ చట్టముతో స్థానిక నిధుల ఏర్పాటు వచ్చి, విద్యాభారము సర్కిలు బోర్డులకు సంక్రమించెను. ఈ విధముగా అంగీకారముగా పుట్టినది పన్నుగా పెరిగి, పన్నుగనే స్థిరపడెను.

ఇందు పోయినదేమి? ధనము పోలేదు; అది నిశ్చితమయ్యెను. పోయినది తండ్రికి బడిపై గల అధికారము. వీథిబడి అయ్యవారికి పిల్లవాని చదువు సాగకున్న స్వయంపాకము ఆగిపోవు భయముండెను. రేటు పాఠశాలలో మొదట గ్రామస్థునకు నేను సొమ్మిచ్చితిని, నా కొడుకు చదివినదేది అని యడుగు నైతికాధికారమైన నుండెను. బోర్డు పాఠశాలలో నట్లడుగుటకు ద్వారము కానరాలేదు. నేటి సహాయబోధనలో తల్లిదండ్రుల తోడ్పాటును కోరువారు ఈ చరిత్రమును మరువరాదు. తోడ్పాటు అనగా సొమ్ము మాత్రమే యని భావించినచో, చందా వచ్చును గాని తల్లి రాదు.

4. పుస్తకభాషయు పిల్లవాని భాషయు

క్యాంబెల్ చూపిన దోషము ఎనుబదియేండ్ల తరువాత మరల చర్చకు వచ్చెను. ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడైన జే. ఏ. యేట్సు తెలుగు పాఠములలోని భాష పిల్లల నోటి భాషకు దూరమై యుండుటను ప్రశ్నించెను. ఆ ప్రశ్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని, గురజాడ అప్పారావుగారిని కదల్చిన వృత్తాంతము సాహిత్య చరిత్రమున ప్రసిద్ధము. ఈ వివాదమును గ్రాంథిక వ్యావహారికముల పోరుగ మాత్రమే మనము చదువుచున్నాము. దానికి మూలము తరగతిగదిలో నున్నదని మరచుచున్నాము. తాను మాటలాడని భాషలో మొదటి పాఠము చదువవలసిన పిల్లవాడు వెనుకబడిన, ఆ తప్పు ఎవరిది అనునదే గిడుగువారి ప్రశ్నలోని సారము. ఆయన సవరజాతి పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి చదువు చెప్పించుటకు కారణమును ఇదియే.

ఈ విషయమున రాజమహేంద్రవరమునకు విశిష్ట స్థానము గలదు. 1919 ఫిబ్రవరిలో ఈ నగరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము స్థాపింపబడెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. కొన్ని నెలలకే, అదే సంవత్సరము మే నెలలో, పంతులుగారు స్వర్గస్థులైరి. జీవితమంతయు గ్రంథరచనలో గడపిన పండితుడు కడపటి దినములలో ఇట్టి సమాజమునకు అధ్యక్షత వహించుట సామాన్య విషయము కాదు.

వీరేశలింగంగారు మన ప్రస్తుత విషయమునకు చేసిన మహోపకారము మరియొకటి గలదు. 1874 న ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. 1883 న స్త్రీలకొరకై సతీహితబోధిని యను పత్రికను నెలకొల్పిరి. 1823 నాటి పట్టికలో 37 గురు బాలికలుండిన జిల్లాలో ఇది యెంత పెద్ద యడుగో ఆలోచింపుడు. బిడ్డ చదువును ప్రతిదినము వినగలది తల్లి. తల్లికి చదువు వచ్చిన యింటిలో సహాయబోధన వేరుగా అక్కరలేదు. అది వంటయింటి గడపవద్దనే జరిగిపోవును. బాలికల పాఠశాల మరుతరమునకు చేసిన మేలు ఇదియే.

5. చదివినది నిలుచుట

నేర్చిన చదువు నిలుచుటకు పుస్తకము కావలెను. పశ్చిమ డెల్టాలోని కుముదవల్లి గ్రామమున 1897 న వీరేశలింగకవి సమాజ గ్రంథాలయము వెలసెను. రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయము చిరకాలముగా పాఠకులకు ఆశ్రయమై యున్నది. గ్రంథాలయోద్యమమునకు పేరుగాంచిన అయ్యంకి వెంకటరమణయ్యగారు గోదావరీ మండలములోని కొంకుదురున జన్మించినవారే. వీరందరు బడి వదలిన పిల్లవాడు అక్షరము మరచిపోవునను సత్యము నెరిగినవారు.

ఆ సత్యమును అంకెలతో నిరూపించినది 1929 నాటి హార్టాగ్ సంఘము. 1922-23 న మొదటి తరగతిలో నుండిన ప్రతి నూరుగురిలో 1925-26 నాటికి నాలుగవ తరగతిలో చదువుచుండినవారు 18 మంది మాత్రమేయని ఆ సంఘము చెప్పెను. ఇది దేశమంతటి లెక్క. మధ్యలో బడి మానుట ఒక నష్టము, ఒకే తరగతిలో ఏండ్లకొలది నిలిచిపోవుట మరియొక నష్టము. చెన్నపురిలో 1920 సంవత్సరపు ప్రాథమిక విద్యాచట్టము పిల్లలను బడికి తెచ్చుటకు మార్గము చూపెను. కాని తెచ్చిన పిల్లవానికి చదువు పట్టుబడునట్లు చేయుట చట్టమువలన మాత్రమే జరుగు పని కాదు.

ఆంధ్రప్రదేశమున 1998 నాటి చట్టము తల్లిదండ్రులచే ఎన్నుకొనబడు పాఠశాల సంఘములకు స్థానము కల్పించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెననియు విధించెను. 1871 న మూసికొన్న ద్వారము ఈ విధముగా తిరిగి తెరవబడెను. 2005 నుండి ప్రథమ్ అను సంస్థ అసర్ పేర జరిపించుచున్న పరిశీలనలో పిల్లవాని పఠనమును వాని యింటివద్దనే పరీక్షింతురు: అక్షరము, పదము, చిన్న పేరా, కథ - ఇవి నాలుగు మెట్లు. 2021 న కేంద్రప్రభుత్వము ఆరంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమము మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి శిశువు భావము తెలిసి చదువవలెనను లక్ష్యమును 2026-27 కొరకు నిర్ణయించెను. భావము తెలిసి యను మాట వచ్చుటకు క్యాంబెల్ నివేదిక తరువాత రెండు శతాబ్దములు పట్టెను.

6. చరిత్రము చెప్పు ప్రణాళిక

ఇంతవరకు చూచినదానినుండి నేటి గ్రామపాఠశాలలో సహాయబోధనను ఏర్పరచుటకు కొన్ని సూత్రములు తేలుచున్నవి.

మొదటిది, తరగతినిబట్టి కాక పఠనస్థాయినిబట్టి పిల్లలను చేర్చవలెను. నాలుగవ తరగతివాడైనను గుణింతమువద్ద ఆగినచో గుణింతమువారితోనే కూర్చుండవలెను. జట్టులో ఎనిమిది తొమ్మిది మందికి మించరాదు. ఇది వీథిబడి నేర్పిన పాఠము. అయితే చిన్నవారితో కూర్చుండబెట్టితిరను అవమానము పిల్లవానికి కలుగకుండ చూచుట ఉపాధ్యాయుని నేర్పు. తనకంటె చిన్నవానికి కథ చదివి వినిపించు పని వానికి అప్పగించిన, ఆ యవమానము గౌరవముగ మారును.

రెండవది, మొదటి పాఠములు పిల్లవాని నోటి మాటలతోనే యుండవలెను. పిల్లవాడు చెప్పిన విషయమునే పలకపై వ్రాసి వానిచేతనే చదివింపవచ్చును. కాలువగట్టు, పడవ, కొబ్బరితోట, రేవు - ఇవి వానికి తెలిసిన వస్తువులు. శతకపద్యమును విడువనక్కరలేదు, ముందు భావమును కథగా చెప్పి, పిమ్మట పద్యమును చదివించిన అది వానికి దక్కును.

మూడవది, తల్లిదండ్రులను పిలుచు కాలము వ్యవసాయపు పంచాంగమునుబట్టి నిర్ణయింపవలెను. సార్వా నాట్లు, కోతలు, దాళ్వా నాట్లు సాగు దినములలో కూలికి పోవు తల్లి సభకు రాలేదు. రాలేదని ఆమెకు శ్రద్ధ లేదనుట అన్యాయము. క్యాంబెల్ చూచిన పేదరికము ఇంకను కొన్ని యిండ్లను విడువలేదు. బడి తెరచు వేళకే తల్లి పొలమున నుండునని తెలిసి, సాయంకాలము పేటలోనికి ఉపాధ్యాయుడే పోవుట మేలు. దసరా అయ్యవారు చేసినది ఇదియే గదా.

నాలుగవది, చదువురాని తల్లిదండ్రులను చదువు చెప్పుడని కోరరాదు, వినుడని కోరవలెను. ప్రతిదినము పది నిమిషములు బిడ్డ చదువగా వినుట, ఏమి చదివితివి నాయనా అని యడిగి కథ చెప్పించుకొనుట - ఈ రెండు పనులకు అక్షరజ్ఞానము అక్కరలేదు. పిల్లవాడు కథ చెప్పలేనిచో భావము తెలియలేదని ఆ తల్లికే ముందుగా తెలియును. పఠనములోని రెండవ భాగమునకు ఆమెయే పరీక్షాధికారిణి.

ఐదవది, తల్లిదండ్రుల యంగీకారము నిజమైనది కావలెను. ఏమి చేయబోవుచున్నారో, ఎంతకాలము చేయుదురో, పిల్లవాడు నేడు ఏ మెట్టున నున్నాడో వారికి తెలియజెప్పవలెను. మూడు నెలలకొకమారు వారి యెదుటనే చదివించి చూపవలెను. ఫలము కానరానిచో పద్ధతి మార్చుడని యడుగు హక్కు వారికుండవలెను. రేటు పాఠశాలల చరిత్రము బోధించునది ఇదియే: అడుగుటకు హక్కు లేని తోడ్పాటు కొలది కాలమునకే భారమగును.

ఆరవది, మెరుగుపడిన పిల్లవానిని అంతటితో విడువరాదు. వాని చేతికి పుస్తకము చేరుచుండవలెను. గ్రామ గ్రంథాలయమునుండి వారమునకొక చిన్న కథల పుస్తకము ఇంటికి పోవు నేర్పాటు లేనిచో, సంవత్సరము శ్రమించి నేర్పినది వేసవి సెలవులలో కరగిపోవును.

ఉపసంహారము

గోదావరీ మండలమున తల్లిదండ్రులు చదువుపై ఎన్నడును ఉదాసీనులు కారు. వారు అయ్యవారికి స్వయంపాకమిచ్చిరి. శిస్తుతోపాటు బడిపన్ను చెల్లించిరి. గ్రామమున గ్రంథాలయములు కట్టించిరి. వారిని అడుగవలసిన రీతిలో అడుగని కాలములలోనే బడియు ఇల్లును వేరుపడినవి. ఆ యెడబాటునకు వెల చెల్లించినవాడు ఏ పాపము నెరుగని పిల్లవాడు. వెనుకబెంచీలో తలవంచుకొని కూర్చున్న ఆ బాలుడు మందబుద్ధి కాడు. వానికి చదువు చెప్పుట మనకు తెలియలేదు, లేదా తెలిసియు మరచితిమి. తొమ్మిది మంది పిల్లల వీథియరుగును, దసరానాటి ముంగిలిని, పిల్లవాని నోటిమాటను, వినుటకు కూర్చున్న తల్లిని తిరిగి ఒకచోట చేర్చగలిగిన నాడు సహాయబోధనకు వేరు శాస్త్రము వెదుక నక్కరలేదు.